ఈరీనీ, క్షమించు

ఏప్రిల్ 10, సోమవారం. ఎండ. సముద్రం వైపు నుంచి గాలి. పొద్దున్నే సున్నం కలిపి నా రేడియో రిపేరు కొట్టు పక్కగోడకు రెండు పూతలు వేశాను.

ఓనరు వ్లాహు గారు ఫోన్ చేసింది. శుక్రవారం, గుడ్ ఫ్రైడే నాడు, క్రీస్తు పాడె ఊరేగింపు మా సందులోంచే పోతుంది. అప్పటికి గోడ తెల్లగా ఉండకపోతే కొట్టు ఇంకొకరికి ఇస్తుందట. అలాగేనన్నాను. గోడమీద ఒక్క అక్షరం ఉండనివ్వను. ఏథెన్సులో తెల్లగోడ ఒకటైనా ఉండాలి!

మంగళవారం. మబ్బు. గోడమీద నల్లరంగుతో: ఈరీనీ, క్షమించు. సున్నం కొట్టాను.

ర్యాప్ పాడే కుర్రాడు స్ట్రాటిస్ పగిలిన స్పీకరు బాగుచేయమని ఇచ్చిపోయాడు. అతని వేళ్ళు నల్లగా ఉన్నాయి.

బుధవారం. మళ్ళీ అదే రాత. ఆ పేరులో 'ఈ' మూడుసార్లు వస్తుంది. మా గ్రీకులో ఆ శబ్దం ఒకటే, రాసే తీరులు అయిదు. వీడు మూడుచోట్లా తప్పే రాశాడు. నేను అయిదో తరగతిలో బడి మానేసి, రేడియో పెట్టెల మీది రాతలు చూసి చదువు నేర్చుకున్నవాణ్ణి. నాకే ఒళ్ళు మండింది. మధ్యాహ్నం దాకా చూస్తూ నిలబడి, అప్పుడు సున్నం కొట్టాను.

గురువారం. ఎండ. ఈస్టర్ పండక్కి గుడ్లకు ఎర్రరంగు వేశాను. గోడమీద మళ్ళీ అదే, అవే తప్పులు. గిన్నెలో రంగు మిగిలింది. దానికి పైజాగాలో ఎర్రగా, పెద్దగా, తప్పుల్లేకుండా మొత్తం రాసి చూపించాను. దిద్దడం రాయడం కిందికి రాదు.

సాయంత్రం స్ట్రాటిస్ వచ్చాడు. నిన్నటిదాకా మేస్త్రీ అనేవాడు. ఇవాళ "మాస్టారూ" అన్నాడు. కొత్త పాట కవరు బొమ్మకని గోడను ఫొటో తీసుకున్నాడు. ఈరీని అతని మీద అలిగి వెళ్ళిన పిల్లట. పాటా ఆమె మీదే.

శుక్రవారం. మూడు పూతలు వేశాను. నలుపు పోయింది. గుడ్ల రంగు మాత్రం సున్నంలోంచి గులాబీగా పైకి తేలింది. ఇప్పుడు గోడమీద ఉన్నది నా రాత ఒక్కటే!

ఊరేగింపు వచ్చింది. వ్లాహు గారు కొవ్వొత్తి పట్టుకుని గోడ ముందు ఆగిపోయింది. కొట్టు పోయిందనుకున్నాను. ఆమె మెల్లగా అంది:

"ప్రొద్రొమొస్ గారూ, మీ దస్తూరీ నాకు తెలియదా? ఇరవై ఏళ్ళలో ఒక్కసారైనా నన్ను పేరు పెట్టి పిలవలేదు. పిలిచింది గోడమీదా?"

ఆమె పేరు ఈరీని అని అప్పుడు గుర్తొచ్చింది. దాని మీద సున్నం పడితే ఊరుకోననీ, ఆదివారం వచ్చి కొట్టు అద్దె కాగితం మీద సంతకం పెడతాననీ చెప్పి, కొవ్వొత్తికి చెయ్యి అడ్డంపెట్టుకుని వెళ్ళింది.

శనివారం. వాన. స్ట్రాటిస్ తడిసి వచ్చాడు. ఆ పిల్ల గోడ చూసిందట. "ఇది నువ్వు రాసింది కాదు. ఒక్క తప్పూ లేదు" అని వెళ్ళిపోయిందట.

"మాస్టారూ, మీ చదువు నా కొంప ముంచింది" అన్నాడు.

దాన్ని చెరపడానికి వీల్లేదన్నాను. కింద జాగా ఉందని కూడా అన్నాను. అలా ఎందుకన్నానో తెలియదు. వాన తగ్గాక నల్లరంగు డబ్బా నేనే పట్టుకున్నాను. మూడు తప్పులూ రాశాడు. నేను కళ్ళు మూసుకున్నాను.

ఆదివారం. పండగ. ఎండ. ఆ పిల్ల కిందిరాత చదివి నవ్విందట. ఇద్దరూ వచ్చి చెరో ఎర్రగుడ్డు పట్టుకుపోయారు.

మధ్యాహ్నం వ్లాహు గారు వచ్చింది. పైది చదివింది. కిందిదీ చదివింది.

"రెండోసారి రాసేటప్పుడు చెయ్యి వణికిందా?"

"ఊఁ" అన్నాను.

సంతకం పెట్టింది. వచ్చే ఆదివారం భోజనానికి పిలిచింది. వస్తానన్నాను.

రేపటినుంచి మాత్రం గోడమీద ఒక్క అక్షరం కూడా ఉండనివ్వను. ఈ రెండూ తప్ప. మిగిలిన గోడకు సున్నం కలపాలి. ముందు స్ట్రాటిస్ స్పీకరు బాగుచేయాలి.