ఆమేన్ అనే మనిషి

సికింద్రాబాద్,
ఆదివారం

తమ్ముడు నతానియేల్‌కు,

దేవుని కృప వల్ల బాగున్నాను. మన ఫుట్‌బాల్ టీంను ఎవరో కొత్తవాళ్లు కొంటున్నారనీ, వచ్చే సీజన్‌కు మీ పూణెకే తీసుకుపోతారనీ పేపర్లో చదివాను. నీకు ముందే తెలిసి ఉంటుంది.

ఈరోజు చర్చిలో ప్రార్థన విన్నపాల పెట్టెలో చీటీ వేశాను. "మన టీం ఊరు విడిచి పోకూడదు" అని పాస్టరుగారు చదవగానే అందరూ నవ్వారు. పక్కింటి మేబెల్ అయితే, "ఏందక్కా, గోల్స్ కోసం సుత ఉపవాసముంటవా ఏంది?" అంది. పొద్దుటి నుంచీ ఉపవాసంలోనే ఉన్నానని చెప్పలేదు.

టీం అక్కడికి వస్తే నీకు సుఖమే. మ్యాచ్ కోసమని నెలనెలా రైలెక్కి ఇక్కడిదాకా రానక్కర్లేదు. నేనేమీ అనుకోను.

నిన్న నువ్వు రాలేదు కదా. స్టేడియానికి బయల్దేరే ముందు, నాన్న నేర్పినట్టే పదకొండు మంది పేర్లూ చదివి ప్రార్థన చేశాను. చివర్లో నీ ఆమేన్ కోసం కాసేపు ఆగాను. తర్వాత నేనే అన్నాను.

టీం ఏ ఊళ్లో ఆడినా సరే, మ్యాచ్‌కు ముందు ఒక్క ఫోన్ చెయ్యి. పేర్లు నేను చదువుతాను.

నీ పెద్దక్క