బూడిద రంగు కాకి ముట్టిందా?

రాజవ్వా,

నా రాత కోడి గీకినట్టు ఉంటుందని నీకు తెలుసు. తప్పులుంటే సర్దుకో. ఊరి బడిలో చదివిన నాలుగు ముక్కలు ఇంతకన్నా రాయనివ్వవు. నీకు చదువు రాదు, అదీ తెలుసు. మీ అన్న కూడా అక్కడే ఉన్నాడు కదా... అతనితో చదివించుకో.

నువ్వు పోయి ఏడాది కావస్తోంది. వచ్చే బుధవారం నీ సంవత్సరీకం. బాగున్నావా అని అడగడానికి నోరు రావడం లేదు. ఆకలితో ఉన్నావా?

అదే నా ఫికర్. మూడో రోజు పిట్టకు పెట్టినప్పుడు కాకి ముట్టలేదు. నీకిష్టమని చేపల పులుసు, సర్వపిండి, ఆఖరికి చాయ్ కూడా పెట్టాము. కాకి వచ్చింది, గోడ మీద కూర్చుంది, మెడ వంచి చూసింది, లేచి పోయింది. పదో రోజు ధర్మపురిలో గోదావరి ఒడ్డున కూడా అంతే. ఆమెకు ఏదో కోరిక మిగిలిందన్నారు పెద్దలు. మన బిడ్డ సుజాత ఏడుస్తూ ఒక్కొక్క మాటే ఒప్పుకుంది. బాపును, అంటే నన్ను, చూసుకుంటానని, నీ మేకలను అమ్మనని... అయినా రాలేదు. చివరికి ఆవుకు పెట్టి ఇంటికొచ్చాము.

ఆ కోరిక ఏమిటో నాకు వంటింట్లో కనిపించింది. పొయ్యి పక్కన నీ పాత క్యాలెండర్. ఏళ్లు మారినా నువ్వు తీయనివ్వని బొమ్మ. నీళ్లు, నీళ్ల పక్కన ఎరుపు, పసుపు, నీలం ఇండ్లు, తెరచాపల పడవలు. మసి పడితే పైట చెంగుతో తుడిచేదానివి. నేను బొగ్గుబాయి నుంచి డ్యూటీ దిగి వస్తే నా మొహం చూసి, ఆ బొమ్మ చూసి అనేదానివి కదా... "ఒక్కసారన్న గా ఊరికి తీస్కపో అయ్యా. నీ బొగ్గు మొఖం సూసి సూసి నా కండ్లే నల్లగైనయ్. గా నీళ్లల్ల కాళ్లు పెట్టుకొని జర సేపు కూసుంట."

ఆ ఊరి పేరు సుజాత ఫోన్‌లో వెదికి చెప్పింది. కోపెన్‌హాగెన్ అట. డెన్మార్క్ దేశపు రాజధాని. నన్ను టూరు వాళ్లతో జత చేసి పంపింది. విమానంలో నీ ఫోటో నా జేబులోనే ఉంది. కిటికీ పక్క సీటు దొరికితే తీసి మబ్బులు చూపించాను... చూశావా?

ఆ రేవు అచ్చం బొమ్మలాగే ఉంది. అవే ఇండ్లు, అవే రంగులు. మసి ఒక్కటే లేదు. మనుషులు గట్టు మీద కాళ్లు వేలాడేసి కూర్చొని బీర్లు తాగుతున్నారు. చలిగాలి. పొద్దు ఎంతకూ గూకదు. మమ్మల్ని పడవలో తిప్పారు. వంతెనలు ఎంత కిందికి ఉన్నాయంటే అందరూ కేకలు వేసి తలలు వంచారు. నేను ఎవరూ చెప్పకముందే, బాయి కప్పు కింద వంచినట్టు వంచాను. నువ్వుంటే "గీడ గూడ డ్యూటీ ఎక్కినవా?" అని నవ్వేదానివి.

పడవ దిగాక అందరూ ఫోటోలకు పోయారు. నేను గట్టు చివర మోదుగాకు విస్తరి పరిచాను. సుజాత చేసిచ్చిన సర్వపిండి పెట్టాను. నీ ఫోటో నీళ్లకు ఎదురుగా పట్టుకొని, వచ్చాము రాజవ్వా, తిను అన్నాను.

దీపం స్తంభం మీద ఒక కాకి ఉంది. అక్కడి కాకి మన కాకిలా కాదు. తల, రెక్కలు, తోక నలుపు. మిగతా ఒళ్లంతా బూడిద రంగు. కాష్ఠం నుంచి లేచి వచ్చినట్టు...

మనిషి ఎదురుగా ఉంటే పిట్ట దిగదు కదా. పద్ధతి ప్రకారం పక్కకు పోయాను. ఒక ఇంటి గోడ చాటున, అటు మొహం తిప్పి, చేతులు జోడించి నిలబడ్డాను. కాసేపటికి వచ్చి చూస్తే విస్తరి లేదు. సర్వపిండి లేదు. కాకి లేదు. కాస్త అవతల, రేవు ఊడ్చే మనిషి చెత్త సంచి పట్టుకొని పోతున్నాడు.

కాకి తిన్నాక విస్తరి గాలికి కొట్టుకుపోయిందా? లేక నీ ముద్ద ఆ సంచిలో పడిందా?

ఎట్లా అడగాలి? నాకు ఆ భాష రాదు. మన భాషలోనే నేను మాట్లాడేది తక్కువ. "నోట్ల ముత్యాలున్నయా అయ్యా, తెరిస్తె రాలుతయని భయమా?" అని ఎంత ఎక్కిరించేదానివి... దవాఖానలో నా నొప్పి కూడా నువ్వే చెప్పేదానివి. ఇప్పుడెవరు చెబుతారు?

పరుగెత్తాను రాజవ్వా. ఆ ఊడ్చే ఆయన సంచి పట్టుకున్నాను. చేతులు రెక్కల్లా ఊపి, కావు కావుమని అరిచాను. నోటి దగ్గర చెయ్యి పెట్టి, తిన్నదా అని సైగ చేశాను. గట్టు మీది జనమంతా చూశారు. అప్పుడు నాకు సిగ్గు కూడా రాలేదు. ఆయన మంచివాడే. నా భుజం తట్టాడు. పిట్టలు నా తిండి ఎత్తుకుపోయాయని మొరపెట్టుకుంటున్నాను అనుకున్నాడేమో... చీపురు ఎత్తి, అక్కడున్న పిట్టలన్నిటినీ తోలేశాడు. కాకులు, తెల్లటి సముద్రపు పిట్టలు, అన్నీ లేచిపోయాయి. నాకు మేలు చేసినట్టు నవ్వాడు.

వాటిలో నువ్వున్నావా?

బస్సు వచ్చిందని పిలిచారు. నీ ఫోటోనన్నా తడుపుదామని గట్టు మీద బోర్లా పడుకొని చెయ్యి చాపాను. నీళ్లు అందలేదు. అంత దూరం తీసుకుపోయి కూడా నీ కాళ్లు తడపలేకపోయాను.

ఇంటికొచ్చినప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు. నువ్వు తిన్నావో లేదో తెలియకుండా నేనెట్లా తినను? కాకి తిన్నదనే అంటుంది సుజాత. నా మొహం చూసి అంటుంది అది.

బుధవారం మళ్లీ పెడతాను. క్యాలెండర్ బొమ్మ విస్తరి పక్కన పెడతాను, ఈ ఉత్తరం దాని కింద. ఈసారి మొహం తిప్పను. ఎవరేమన్నా సరే, దూరం నుంచి చూస్తూనే ఉంటాను. ముట్టకపోయినా ఫరవాలేదు అని రాయబోయాను... రాయలేను. ముట్టు రాజవ్వా. ఒక్క మెతుకు ముట్టు.

తొందరగా జవాబు ఇవ్వు. రాయడం నీకు రాదు కదా... ముక్కుతో చెప్పు, చాలు.

నీ
సుజాత బాపు