ప్రార్థన అయిందా అక్కా?

జూలై 7

ఎందుకో ఒకప్పటి పొద్దుటిపూట గుర్తొచ్చింది. ప్రత్యేకం ఏమీ లేదు. ప్రొద్దుటూరులో మా టైపింగ్ షాపు షట్టర్ తమ్ముడు శామ్యూల్ ఎత్తాడు. నేను గడప ముందు నీళ్లు చల్లాను. టిఫినుకు ఉగ్గాని పొట్లం, రెండు మిరపకాయ బజ్జీలు. కంప్యూటర్ ముందు కూర్చుని కళ్లు మూసుకున్నాను — పని ముట్టే ముందు అలవాటు. వెనక నుంచి వాడు: "దేవుడు ఇన్న్యాడులేక్కా. కరెంటు పోకముందే మొదలుపెట్టు."

ఆ మధ్యాహ్నమే కంప్యూటర్‌లో ఆ చిన్న ప్రోగ్రాం రాశాడు; స్క్రిప్టు అనేవాడు. చర్చిలో నాన్న చేసిన ప్రసంగాలన్నీ నేను పాత ఫాంటులో టైపు చేసినవి. ఫోన్లో తెరిస్తే పిచ్చి గీతలు. ఇది ఒక్కో ఫైలునూ చదవగలిగే తెలుగుగా మారుస్తుంది.

వాడు పోయి ఏడాది కావస్తోంది.

జూలై 8

స్క్రిప్టు తెరిస్తే నల్లటి తెర. ముందుగా అడుగుతుంది: "ప్రార్థన అయిందా అక్కా?" ఔనని నొక్కేదాకా కదలదు. నన్ను ఆటపట్టించడానికి పెట్టాడు. పని ముగిశాక: "అయిపాయక్కా. పోయి అన్నం తిను."

నన్ను అన్నం తినమనేది ఇప్పుడు అదొక్కటే.

జూలై 9

రోజుకు ఒక ఫైలు. చాలు.

జూలై 12

పొరపాటున, ప్రార్థన చేసుకోకుండానే ఔనని నొక్కాను. ఫైలు మారిపోయింది. అన్నం తినమంది... తినబుద్ధి కాలేదు. మార్చకముందటి ఫైలే మళ్లీ తీసి, కళ్లు మూసుకుని, మళ్లీ మొదటి నుంచి.

జూలై 14

పులివెందుల నుంచి చెల్లెలు ఫోన్. "రోజుకొకటి ఏందక్కా? నా కూతురు అన్నీ ఒకేసారి మారుస్తాదిలే." వద్దన్నాను.

జూలై 16

ఇంక ఒకటే ఉంది. ఈస్టర్‌కు ముందొచ్చే మట్టల ఆదివారం ప్రసంగం.

జూలై 17

షాపు తెరిచాను. ప్రశ్న వచ్చింది. ప్రార్థన చేసుకున్నాను. ఔనని నొక్కలేదు. మూసి వచ్చాను.

జూలై 18

ఈరోజూ అంతే.

జూలై 20

సాయంత్రం జమ్మలమడుగులో మరదలింట్లో, శామ్యూల్ భార్య దగ్గర, అందరం కూర్చున్నాం. నెలాఖరుకు షాపు ఖాళీ చేయడం. కంప్యూటర్‌లో ఉన్నదంతా చెరిపి చర్చి ఆఫీసుకు ఇవ్వడం. నాన్న ప్రసంగాలు పుస్తకంగా వేసి, శామ్యూల్ జ్ఞాపకార్థ కూడికలో పంచడం. అందరూ సరే అన్నారు. నేనూ అన్నాను. మంచి మాటే.

స్క్రిప్టు ఒక్కటీ దాచుకోవచ్చు. కానీ ఆ తర్వాత దానికి మార్చడానికి ఏముంటుంది...

"ఎన్ని మిగిల్నాయక్కా?" చెల్లెలు అడిగింది.

ఒకటి అన్నాను.

"రేపు చేసెయ్ మరి. ఎంత సేపు?"

ముందు ప్రార్థన కావాలి గదా, అన్నాను.