పన్నెండు కడవల మందిరం

రాజమహేంద్రవరం మిషను కచేరీ,
10 ఏప్రిల్ 1893

చినగరువు ఉపదేశి ఏసుపాదం గారికి, కచేరీ గుమాస్తా జీవరాజు వందనములతో వ్రాయునది.

మొన్న దొరగారు మీ తాటాకు మందిరం చూసి హడలిపోయారు. ఒక్క నిప్పురవ్వ పడితే బుగ్గే అన్నారు. గుమ్మం దగ్గర పన్నెండు కడవలు ఎప్పుడూ నిండుగా ఉండాలి. మే 14 ఆదివారం మళ్లీ వస్తారు. ఆనాడు ఒక్క కడవ వెలితిగా ఉన్నా మందిరం మూసేస్తారు.

ఇట్లు, జీవరాజు

తా.క.: కడవలు నీడన పెట్టండి. ఎండకు నీళ్లు ఆవిరైపోతాయట.

చినగరువు,
17 ఏప్రిల్

జీవరాజు గారికి ఏసుపాదం వందనాలండి.

కడవలు నీడనే పెట్టానండి. నీళ్లు చల్లబడ్డాయి. అక్కడే వచ్చింది చిక్కు. కాలవలో నీళ్లు కట్టేశారు కదా, పూడిక తీసే కూలీలు మధ్యాహ్నం వచ్చి తాగేస్తున్నారు. వాళ్ల ముఠాకి పెద్దయిన సూరమ్మ ఒక్కతే అరకడవ లాగించేస్తుంది. ఎండన పడి వచ్చినవాళ్లని పొమ్మనడానికి నోరు రాలేదండి.

మీ విధేయుడు, ఏసుపాదం

తా.క.: నీళ్లు తాగి ఊరికే పోలేక ప్రార్థనకు కూర్చుంటున్నారు. పదకొండుమందిమి కాస్తా నలభైమందిమి అయ్యాం.

రాజమహేంద్రవరం,
25 ఏప్రిల్

ఏసుపాదం గారికి వందనములు.

దొరగారికి కోపమూ ఆనందమూ ఒకేసారి వచ్చాయి. కోపం నీళ్ల గురించి. కడవల మీద "నిప్పు ఆర్పే నీళ్లు" అని సున్నంతో పెద్దగా రాయండి. ఆనందం నలభైమంది గురించి. చినగరువులో జనం మేల్కొన్నారని తమ సీమకు ఉత్తరం కూడా రాసేశారు. 14న ఆ నలభైమందినీ చూస్తారట.

ఇట్లు, జీవరాజు

తా.క.: ఆ ఉత్తరంలో నీళ్ల సంగతి లేదు.

చినగరువు,
3 మే

జీవరాజు గారికి వందనాలండి.

రాశానండి. ఆ అక్షరాలు చదవగలిగినవాణ్ణి మా పేటలో నేనొక్కణ్ణే. కాబట్టి తాగడం మానేసింది కూడా నేనొక్కణ్ణే. నీళ్లు ఆపితే జనం రారు, జనం వస్తే నీళ్లు ఉండవు. మందిరం మూసేస్తే మావాళ్లు కూడుకోవడానికి, పిల్లలకు నాలుగక్షరాలు చెప్పడానికి వేరే నీడ లేదండి. కడవలు నింపమంటారా, మందిరం నింపమంటారా?

దిక్కు తోచని, ఏసుపాదం

తా.క.: గట్టు అవతలి భూస్వామి జగపతిరాజు గారికి ఈ సందడి గిట్టలేదు. "మాకు అంటు, మీ కడవల గాలి కూడా ఇటు రాకూడదోయ్" అని కబురంపారు.

రాజమహేంద్రవరం,
8 మే

ఏసుపాదం గారికి వందనములు.

రెండూ నింపమని దొరగారి ఆజ్ఞ.

ఇట్లు, జీవరాజు

తా.క.: ఎలాగని నన్నడక్కండి. నేనూ అడగలేదు.

చినగరువు,
18 మే

జీవరాజు గారికి వెయ్యి వందనాలండి.

గండం గడిచింది, మందిరం నిలిచింది! శనివారం మిట్టమధ్యాహ్నం రాజుగారి గడ్డిమేటు అంటుకుంది. గాలి మా వైపే. కడవలు చూద్దును కదా, పన్నెండూ ఖాళీ! అయితే తాగినవాళ్లంతా అక్కడే ఉన్నారు కదండీ. సూరమ్మ ఒక్క కేక వేసింది. చెరువు నుంచి మేటు దాకా వరస కట్టి కడవలు అందించేశారు. ఆ వరసలో సూరమ్మ పక్కన ఎవరనుకున్నారు, రాజుగారే! మందిరం చూరులో నాలుగు ఆకులు కమిలాయి, అంతే.

పొగకి ఉక్కిరిబిక్కిరై రాజుగారు చేతిలో కడవ ఎత్తి గటగటా తాగేశారు. అందరం గుడ్లప్పగించాం. ఆయన తేరుకుని, కడవ మీది అక్షరాలు కూడబలుక్కుని, "ఏమోయ్ ఏసుపాదం, నిప్పు ఆర్పే నీళ్లనే కదా రాశావు? తాగే నీళ్లని లేదుగా! మరింక అంటు ఎక్కడిది?" అన్నారు.

మర్నాడు దొరగారు పగిలిన తొమ్మిది కడవల్నీ, జుట్టు కమిలిన నలభైమందినీ చూశారు. తర్వాత, తాగేవాళ్లను ఆపొద్దన్నారు. నాకు ఏడుపొచ్చేసిందండి.

గుండె కుదుటపడ్డ, ఏసుపాదం

తా.క.: రాజుగారు కొత్త కడవలు పన్నెండు పంపారు. వాటి మీదా అవే అక్షరాలు దగ్గరుండి రాయించారు. రోజూ మధ్యాహ్నం దగ్గుకుంటూ కడవల దగ్గరికి వస్తున్నారు. పొగ మాత్రం ఎక్కడా లేదండి.