నాన్న నిచ్చెన

అమ్మా,
నేను కులాసాగానే ఉన్నాను. బెంగంతా నాన్న రంగుల పనికని నేను చేసి మొన్న లారీలో పంపిన నిచ్చెన మీదే.

మా కోతమిల్లుకి రెండు రకాల పైన్ దుంగలొస్తాయి. చెట్టుగా ఉన్నప్పుడు ఒకదానికి సూదుల్లాంటి ఆకులు రెండేసి, ఇంకోదానికి మూడేసి గుత్తులుగా ఉంటాయి. కోశాక అక్కచెల్లెళ్లలా ఒకటే పోలిక. కానీ రెండాకులది గట్టిది, మూడాకులది మెత్తది, మనిషి బరువుకి పుటుక్కున విరుగుతుంది. నిచ్చెనకి వాడగా మిగిలిన చెక్క నిన్న చూసి మేస్త్రీ, "ఒరేయ్, ఇందులో రెండూ కలిశాయిరా!" అన్నాడు.

ప్రతి మెట్టూ గోటితో నొక్కు. ఒక్కదాంట్లో గోరు దిగినా నిచ్చెన దాచెయ్. నీ మోకాలు ఎలా ఉంది? నా స్వెట్టర్ పంపు.

నాన్నకి మాత్రం కారణం చెప్పకు. చెప్పావంటే "ఏదీ, చూద్దాం" అంటూ ముందు ఎక్కేస్తాడు.

మీ ఇద్దరికీ దండాలు.
నీ పెద్దాడు