నాలుగు పొట్లాలు, ఒక డబ్బా

జూన్ 9
ఈరోజు పనులు: ఉతికిన బట్టలు పద్నాలుగు, కుట్టిన చిరుగులు మూడు, మరిదితో గొడవ ఒకటి.

విత్తన కేంద్రం ఆఫీసరు గారికి నమస్కారాలు.
మా ఆయన పోయి ఏడు నెలలైంది. మా మెరక చేను అర ఎకరం. వాన తప్ప వేరే నీరు లేదు. "వదినా, ఈసారి కూడా పండకపోతే ఇటుక బట్టీకి ఇచ్చేద్దాం. నువ్వు మారుమాట్లాడకుండా సంతకం పెట్టాలి" అన్నాడు మరిది. సరేనన్నాను. ఎండకు తట్టుకునే జొన్న రకం ఏదో చెప్పగలరు.
ఇట్లు,
మెరక చేను ఇల్లాలు.
తా.క.: ఏ రకం వేద్దామని మరిదినీ అడిగాను. ఇటుక అన్నాడు.

జూన్ 17
అమ్మా,
నాలుగు పొట్లాలు విడిగా పంపాం. ఒక్కో రకం అరకిలో. నాలుగింటినీ వేరువేరు మడుల్లో వేసి, ఏది ఎండకు నిలిచిందో రాయండి. పేర్లు ముందే చెబితే మనసు ఒకవైపు మొగ్గుతుంది కనుక నంబర్లే వేశాం. కోతయ్యాక రెండు కిలోల విత్తనం తిరిగి ఇవ్వాలి.
భవదీయుడు,
విత్తనాల అధికారి.

జూలై 1
ఆఫీసరు గారికి నమస్కారాలు.
పొట్లాలు ఇరవైన అందాయి. మీ ఉత్తరం నిన్న అందింది. మధ్యలో వాన పడింది. మా వంటింట్లో ఒక గింజకు ఒకే డబ్బా. నాలుగూ జొన్నలే కదా అని డబ్బాలో పోసి, బాగా కలిపి, చల్లేశాను. కాగితం ఆఫీసుది కనుక పొట్లాలు దులిపి, ఇస్త్రీ చేసి పంపుతున్నాను.
ఇట్లు,
మెరక చేను ఇల్లాలు.
తా.క.: మూడో నంబరు పొట్లానికి మూల చిరిగింది. అది నా చేతిలో చిరిగింది కాదు.

జూలై 15
అమ్మా,
ఏది ఏదో తెలియకుండా కలిపేశాక ఇంక పరీక్ష ఏముంది? మీ పేరు జాబితాలోంచి తీసేశాం. విత్తనం బాకీ మాత్రం ఉంది.
విత్తనాల అధికారి.
తా.క.: ఖాళీ పొట్లాలు ఇస్త్రీ చేసి పంపడం వెటకారమని మా పైఅధికారి బాధపడ్డారు.

అక్టోబరు 20
ఆఫీసరు గారికి,
వెటకారం చేసే ఓపిక నాకు లేదు. నలభై రెండు రోజులు వాన ముఖం చాటేసింది. చేను ఎండుగడ్డి అయింది. నిలబడినవి నూట పద్దెనిమిది మొక్కలు. కంకి కంకీ విడిగా నూర్చితే రెండుంబావు కిలోలు వచ్చాయి. మీ రెండూ పంపుతున్నాను.
ఇట్లు,
ఇల్లాలు.
తా.క.: పిట్టలు కూడా మా చేను చూసి జాలిపడి పక్క చేలో వాలాయి.

నవంబరు 4
అమ్మా, క్షమించండి.
మా కేంద్రంలో ఆ నాలుగు రకాలూ ఒక్క మొక్క మిగలకుండా ఎండిపోయాయి. పైగా అవన్నీ తెల్ల గింజలు. మీరు పంపినవి పసుపు. ఇవి ఎక్కడివి? ఆ చేను అలాగే ఉంచండి. వచ్చే ఏడు అక్కడే వేద్దాం.
మీ విత్తనాల అధికారి.
తా.క.: మీ పొట్లాలను పైఅధికారి తన బల్ల మీద అద్దం కింద పెట్టుకున్నారు.

నవంబరు 12
ఆఫీసరు గారికి నమస్కారాలు.
డబ్బా అడుగున రెండు గుప్పెళ్ల పాత గింజలుండేవి. ఏటా కోతకు ముందు మా ఆయన చేనంతా తిరిగి, ఎండకు వాడని కంకులు ఏరి దాచేవారు. "తినే గింజలు దాచుకోవడమేమిటి మీ మొహం" అని సాధించేదాన్ని. అవీ జొన్నలే కదా అని మీ వాటితో కలిపేశాను.
చేను లేదండీ. కోత చూసి మరిది కాగితం తెచ్చాడు. అన్న మాట ప్రకారం అక్టోబరు ఇరవై ఆరున సంతకం పెట్టాను. మన్ను తవ్వుతున్నారు. మిగిలిన పావుకిలో కూడా పంపుతున్నాను. నాకు వేసే చోటు లేదు, మీ మడిలో వేయండి.
ఇట్లు,
ఇల్లాలు.
తా.క.: ఆ రకానికి మా ఆయన పేరు పెట్టకండి, ఆయనకు మొహమాటం ఎక్కువ. ఐదో నంబరు అని రాసుకోండి. మీ రెండు కిలోల బాకీ చెల్లు.