సభలో చెప్పని సగం

భివండి మరమగ్గాల మోతలో ఉన్న శ్రీవారికి శ్రీలత నమస్కరించి రాయునది. నారాయణపేటలో అత్తమ్మ మోకాళ్ళు తప్ప అందరం క్షేమం. మీరు వేళకు తింటున్నారని నమ్ముతున్నాను.

ఇవన్నీ ఫోన్లో చెప్పొచ్చు కదా అంటారు. ఫోన్లో అయితే మధ్యలోనే కోప్పడతారు. కాగితాన్ని చివరిదాకా చదవక తప్పదు.

పోయిన ఉత్తరంలో రెండు అడిగారు. ప్రధాని పదేళ్ళలో మనకేం ఒరగబెట్టాడని ఒకటి, దసరాకి నేనూ అత్తమ్మా మీ దగ్గరికి వచ్చేస్తామా అని ఒకటి. మొదటిది ముందు చెబుతాను. ఒరిగింది ఉంది. పొయ్యి ఊదీ ఊదీ అత్తమ్మ కళ్ళు మండిపోయే ఇంట్లోకి గ్యాస్ వచ్చింది. నా పేరున బ్యాంకు ఖాతా వచ్చింది. అందులో ఉన్నది కొంచెమే, అయినా నాది. పోయిందీ ఉంది. పెద్ద నోట్లు రద్దయిన చలికాలంలో మనకు నూలిచ్చి నేయించే బుచ్చయ్య సేటు కూలి ఇవ్వలేక కొన్నాళ్ళు మగ్గాలు ఆపాడు, మీరు రైలెక్కారు. ఆ తర్వాత నూలు మీద పన్ను పడింది. ఎలా తూచినా ముల్లు ఒకచోట నిలవదు.

"పొగ పోయింది, కొడుకూ పోయిండు. దేన్ని లెక్కవెడ్తవ్ బిడ్డా?" అంటుంది అత్తమ్మ.

ఇక దాచిన మాట. మొన్న ప్రధాని పార్టీ వాళ్ళు సభ పెట్టి, వేదిక మీద మగ్గం వేసి, నన్ను కూర్చోబెట్టారు. ముందురోజే సేటు వచ్చాడు. "మంచి మాటలే చెప్పమ్మా. మిగిలినయి ఇంట్ల మాట్లాడుకుందురు. నూలు ఇచ్చేది నేనే గదా," అన్నాడు నవ్వుతూ.

గ్యాస్ గురించి చెప్పాను, ఖాతా గురించి చెప్పాను. మీ గురించి చెప్పలేదు. జనం చప్పట్లు కొడుతుంటే సిగ్గుతో తలెత్తలేకపోయాను. అదంతా ఫోన్లలో తీశారు, ఆ వీడియో మీ దాకా వస్తుంది. ఎవరో చూపించేలోపు నేనే చెప్పుకోవాలని ఈ ఉత్తరం. నేను చెప్పిన దాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. అందుకే మరీ బాధగా ఉంది.

రెండోదానికి జవాబు. మగ్గానికి ఎక్కించిన ఈ పడుగు దారాలు అయిపోగానే మగ్గం విప్పేసి వద్దామనే అనుకున్నాను. నా మాటలకు సంతోషించి సేటు నిన్న మనిషిని పంపాడు. అతను పాత పడుగు కొసలకే ఎనిమిది చీరల కొత్త పడుగు అతికి వెళ్ళాడు. అవన్నీ నేసి దింపేసరికి దసరా దాటిపోతుంది. నేను పక్కనే నిలబడి దీపం పట్టాను.

ఇట్లు,
మీ ఇల్లాలు
శ్రీలత